గాదె పంపే కబురు

కిందటి కార్తీకంలో వరి కోతలప్పుడు, కోరుకొండలో మా చేలో నాన్న కాలికి కొడవలి గీసుకుంది. పసుపు అద్ది ఊరుకున్నాడు. నెల దాటినా మానలేదు. రాజమండ్రి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే షుగరన్నారు.

"లావుపాటోళ్ళ జబ్బు నాకెందుకొచ్చిందిరా?" అన్నాడు నాన్న. చూస్తే కాళ్ళూ చేతులూ పుల్లలే. పంచె మీద మాత్రం చిన్న బొజ్జ. బి.యస్సీ. చదివే కొడుకుని, ఆవేళ నోరెత్తలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నదే ఈ నాలుగు ముక్కలు.

కొవ్వంటే గాదెలో ధాన్యం లాంటిదనీ, మిగిలితే దాచి కరువులో తీసుకోవడమే దాని పనియనీ చాలాకాలం అనుకున్నారు. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును పట్టుకుంది. అది చెడిన ఎలుకలు ఎంత తిన్నా ఆకలి తీరక బంతుల్లా ఊరిపోతాయి. లెప్టిన్ కొవ్వు కణాల్లో పుట్టే హార్మోను. గాదె నిండిందో, వెలితిగా ఉందో మెదడుకి కబురు చెప్పేది అదే.

వింతేమంటే ఆ కబురు తెల్లరక్తకణాలకూ అందుతుంది. పస్తులుంటే లెప్టిన్ పడిపోయి, రోగంతో పోరాడే శక్తి సన్నగిల్లుతుంది. ఇంట్లో గింజల్లేనివాడు కాపలావాణ్ణేం పెట్టుకుంటాడు?

కొవ్వు మితిమీరినా చిక్కే. కబురు మీద కబురొస్తుంటే మెదడు పెడచెవిని పెడుతుంది. ఉబ్బిన కొవ్వు కణాలు కొన్ని చస్తాయి. వాటిని ఏరివేయడానికి మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలు గుంపుగా చేరతాయి. అక్కడ వెలువడే టి.ఎన్.ఎఫ్. వంటి పదార్థాలు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. ఎలుకల్లో దీన్ని 1993లోనే చూపించారు. ఇన్సులిన్‌కి సాయపడే అడిపోనెక్టిన్ అనే మరో కొవ్వు హార్మోను తగ్గిపోతుంది. చక్కెర రక్తంలోనే నిలుస్తుంది. అలాంటి రక్తంలో తెల్లకణాలు చురుగ్గా పనిచేయవు, పుండు మానదు.

మరి నాన్న లావు కాదే! 2004లో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో లాన్సెట్ పత్రికలో వేయించారు. ఎత్తుతో పోల్చిన బరువు లెక్క ఇద్దరికీ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మనవాళ్ళలో చాలామందికి అది పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. గోదావరి జిల్లాల 20 పల్లెల్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళని పరీక్షించి 2006లో ప్రకటించిన లెక్కలో నూటికి 13 మందికి మధుమేహం ఉంది. కోతకి మిషను, చేనుకి మోటారు సైకిలు వచ్చాయి. అన్నం కంచం మాత్రం పాత కొలతే.

ఇదంతా నాన్నకి చెప్పి, టేపుతో నడుము కొలిచాను. మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు హద్దు, ఆయనది 97.

"అయితే గాదె లోపల కట్టుకున్నానన్నమాట," అని నవ్వి, "రాత్రికి నాకన్నం సగమే పెట్టవే" అన్నాడు అమ్మతో. కాలు మానింది. ఇప్పుడు తెల్లవారుజామునే నరసింహస్వామి కొండ మెట్లెక్కుతున్నాడు, చెప్పులు వేసుకుని మొదటి మెట్టు దాకా, ఆ పైన వట్టికాళ్ళతో. నాకదే భయం.