చెదపురుగు కడుపులోని సహాయకులు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో చెద బాధ యెరుగని ఇల్లు అరుదు. ద్వారబంధములను, వాసములను, పెట్టెలోని తాటాకు గ్రంథములను గూడ అది విడువదు. ఆకలిగొన్న ఎద్దైనను ముట్టని ఎండుకర్రను తిని ఇంత చిన్న పురుగు బ్రతుకుట యెట్లు?

కర్రయందు ముఖ్యముగా సెల్యులోజను పీచు కలదు. అది చక్కెర అణువులు గొలుసువలె కూర్చబడిన పదార్థము. ఇటుకలను గచ్చు పట్టియుంచునట్లు ఆ పీచును లిగ్నిన్ అను మరియొక పదార్థము బిగించియుండును. గొలుసు తెగినగాని చక్కెర దొరకదు. చెదపురుగునకు స్వంత జీర్ణరసము కొంత కలదు గాని యది చాలదు. కావున దాని ప్రేగులలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కాపురముండి ఆ పని సాగించుచున్నవి. పురుగు వానికి ఇల్లును తిండియు నిచ్చును. అవి దానికి అరిగిన ఆహారము నిచ్చును. కర్రలో నత్రజని మిక్కిలి తక్కువ; కొన్ని బాక్టీరియాలు గాలినుండి దానిని గ్రహించి యా లోటు దీర్చును. ఎద్దు గడ్డి నరిగించుకొనుటయు దాని పొట్టలోని సూక్ష్మజీవుల చలువయే.

1924లో క్లీవ్‌లాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కొన్ని జాతుల చెదపురుగుల కడుపులోని ఏకకణజీవులను నశింపజేసిన ప్రయోగములను ప్రకటించెను. ఆ పురుగులు కర్ర తినుచునే ఆకలిచే చచ్చినవి. ఆ జీవులను మరల ప్రవేశపెట్టగా బ్రతికినవి.

మన పొలముల యొద్ద పుట్టలు పెట్టు చెదల పద్ధతి వేరు. వానికి కడుపులో బాక్టీరియాలు కలవు గాని యా ఏకకణజీవుల సాయము లేదు. అందుచే అవి నేలలోపల సేద్యము చేయును. తిన్న ఆకును, గడ్డిని సగమరిగించి, ఆ మలముతో తేనెపట్టువంటి దిమ్మలు కట్టి, వానిపై బూజు పెంచును. బూజు లిగ్నిన్‌ను సడలించును. పండిన దిమ్మను చెదలు తినగా, మిగిలిన పని బాక్టీరియాలు ముగించును. వానలకు పుట్టపై వెలువడు గొడుగు ఆ బూజునకు వచ్చిన పూవువంటిది. పుట్టగొడుగను మన మాట యెంత యథార్థమో చూడుడు!

ఈ బూజుతోటలను తొలినాళ్లలో వర్ణించినవారిలో కోనిగ్ అను వైద్యుడొకడు. ఆయన వ్రాత 1779లో వెలువడెను. దక్షిణదేశమున పెక్కేండ్లు మొక్కలను పరిశీలించిన ఆయన 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను.

ఇందు మనకు ఫలమేమి? ఇంటిలో చెద శత్రువే. కర్రను తడినేలకు తాకనీయకుడు, గోడమీది మట్టిదారులను చూచినవెంటనే చెరిపివేయుడు. పొలమున మాత్రము రాలిన ఆకును, మిగిలిన కొయ్యకాలును మన్ను చేయునది ఈ పురుగును దాని సహాయకులునే. కోతయంత్రములు వచ్చిన పిదప వరిగడ్డిని మడిలోనే కాల్చువారు కలరు. కాల్చిన గడ్డి పొగయై పోవును. అరిగిన గడ్డి ఎరువై నిలుచును. కావున అగ్గిపుల్ల గీయుటకు ముందు, కానరాని యీ కూలీలను ఒక్కసారి తలచుకొనుడు.