బస్సు మీది అక్షరాలు ఎందుకు ముడుచుకుంటాయి?

మీ బడి బస్సులో ప్రమాద సమయంలో బయటపడేందుకు వేరే తలుపు ఒకటి ఉంటుంది. దాని మీద 'అత్యవసర ద్వారం' అన్న అక్షరాలను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మా బస్సు మీద అవి రెండు వేసవులు గడిచేసరికి ముడుచుకుని, సగం రాలిపోయాయి. ఆపదలో పిల్లలు వెతుక్కోవలసిన తలుపు అది! జిగురు మంచిది కాదని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని తప్పు జిగురుది కాదు, పొరది.

ఇలాంటి అక్షరాలను ఈ రోజుల్లో ఎక్కువగా వినైల్ పొర మీద అచ్చు వేసి అంటిస్తున్నారు. వినైల్ అంటే మన నీళ్ల గొట్టాల పి.వి.సి.యే. మరి గొట్టం గట్టిగా, పొర మెత్తగా ఎందుకున్నాయి? పొరలో ప్లాస్టిసైజర్ అనే పదార్థం కలుపుతారు. దాని అణువులు పి.వి.సి. గొలుసుల మధ్య దూరి, అవి ఒకదానిపై ఒకటి జారేటట్లు చేస్తాయి. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే శాస్త్రజ్ఞుడు రబ్బరును లోహానికి అంటించే పదార్థం కోసం వెతుకుతూ ఈ మెత్తని పి.వి.సి.ని కనుగొన్నాడు. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి!

పొరను రెండు విధాలుగా తయారుచేస్తారు. మీ ఇంట్లో చపాతీ ఒత్తేటప్పుడు గమనించండి. కర్ర తీయగానే చపాతీ కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది. వేడి పి.వి.సి.ని రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి చేసే 'క్యాలెండర్డ్' పొర ఇలాంటిదే. (గోడ మీది క్యాలెండరుకూ దీనికీ సంబంధం లేదు.) సాగిన గొలుసులు చల్లబడి అలాగే బిగుసుకుపోతాయి. ఎండకు బస్సు రేకు కాలినప్పుడు వాటికి కదలిక వచ్చి, పాత స్థితికి పోవాలని చూస్తాయి. అంచులు లేస్తాయి. పైగా చవక రకాల్లో ప్లాస్టిసైజర్ అణువులు చిన్నవి. అవి మెల్లగా బయటికి పోతే పొర పెళుసెక్కుతుంది. పెద్ద అణువులు వాడిన పాలిమరిక్ రకం కొంత నయం.

రెండోది దోసె వంటిది. ద్రవరూపంలో ఉన్న పి.వి.సి.ని పరచి, ఓవెన్‌లో ఆరబెడతారు. దీన్ని 'కాస్ట్' పొర అంటారు. దీన్ని ఎవరూ సాగదీయలేదు కాబట్టి వెనక్కి లాక్కోవడం చాలా తక్కువ. దీని మందం సుమారు 50 మైక్రాన్లు. క్యాలెండర్డ్ పొర సాధారణంగా 70 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. మందంగా ఉన్నదే గట్టిదని మనం మోసపోతాం! పల్చగా ఉండబట్టే కాస్ట్ పొర రివెట్ల మీద, రేకు మడతల్లో చక్కగా ఒదిగిపోతుంది. మా తలుపు నిండా రివెట్లే.

అలాగని అన్నిటికీ కాస్ట్ పొర వాడితే డబ్బు దండగ. వారం రోజుల వైజ్ఞానిక ప్రదర్శనకు, చదునైన బోర్డుకు చవకది చాలు. బస్సుకు మాత్రం కాస్ట్ కావాలి. అచ్చు మీద రక్షణగా వేసే పారదర్శకమైన పొర కూడా కాస్ట్‌దే ఉండాలి. లేకపోతే పైది ముడుచుకుంటూ కిందిదాన్ని కూడా లాగుతుంది.

స్టిక్కర్ల దుకాణంలో రెండు రకాల తుక్కు ముక్కలు అడగండి. చుట్ట పొడవు ఏ వైపో తెలుసుకుని బాణం గుర్తు పెట్టుకోండి. చదునైన అల్యూమినియం రేకుకు అంటించి, పెద్దల సాయంతో బ్లేడుతో నడుమ కూడిక గుర్తులా కోయండి. ఎండలో పెట్టి, ప్రతి ఆదివారం కోత ఎంత విచ్చుకుందో స్కేలుతో కొలవండి. ఏ ముక్కలో ఎక్కువ విచ్చుకుంది? అందులోనూ బాణం వెంట ఉన్న కోతా, అడ్డంగా ఉన్న కోతా?