తుపాకీ చేతిలో ఉన్నోళ్లు మందులు పంచొచ్చా? సిమిక్ ట్రైనింగ్ అంటే ఏటి?

నెల్లిమర్ల నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల ఆటో హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి.

మా ఊళ్లో పొద్దున్నే అయిదింటికి గ్రౌండ్‌కి వెళ్తే ఆర్మీ సెలక్షన్ కోసం పరిగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. మొన్న అందులో ఒక తమ్ముడు పరుగు ఆపి నన్ను అడిగాడు: "అన్నా, యూఎన్ మిషన్‌కి వెళ్తే నీలం టోపీ ఇస్తారు, విమానం ఎక్కిస్తారు, బాగుంది. యుద్ధం చెయ్యకపోతే మరి అక్కడ పనేటి?"

మంచి ప్రశ్న. దానికి సగం జవాబు నాకు 2014లో, మా వీధిలోనే దొరికింది. అప్పటికి అదే జవాబని తెలీదు.

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. గాలి మా మీదుగా పోయాక చూస్తే చెట్లన్నీ రోడ్డు మీద, కరెంటు స్తంభాలు పొలాల్లో. తర్వాత ఒక రోజు సాయం బండి ఒకటి వచ్చింది. ఎవరు పంపారో అనవసరం, మంచి మనసుతోనే వచ్చారు. కానీ మెయిన్ రోడ్డు మీద ఆపీసి, అక్కడ నిలబడ్డ వాళ్లకి బియ్యం, పాల ప్యాకెట్లు ఇచ్చీసి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. జంక్షన్‌లో ఉన్నోళ్లకి రెండేసి సార్లు అందాయి. లోపలి సందులో కాలు కదపలేని మామ్మ ఒకావిడ ఉండేది, ఆవిడకి ఏమీ అందలేదు. పైగా ఆ సాయంత్రం ప్యాకెట్ల గురించి రెండు వీధుల మధ్య గొడవ. తుఫాను తేని గొడవని సాయం తెచ్చింది. "ఇక్కడ నడవలేని వాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్కరు అడిగుంటే అయిపోయేది.

ఇప్పుడు అదే సీన్‌ని ఊహించుకోండి. సాయం తెచ్చినోళ్లు వేరే దేశం సైనికులు, వాళ్ల భాష మనకి రాదు, చేతిలో తుపాకులు, రెండు వీధుల దగ్గరా కూడా తుపాకులు. అక్కడ సాయం ఎలా చెయ్యాలి, అసలు ఎప్పుడు చెయ్యకూడదు అన్నది నేర్పేదే సిమిక్ ట్రైనింగ్. సివిల్, మిలిటరీ అన్న రెండు మాటల్ని కలిపిన పొట్టి పేరు అది. నాటో వాళ్లు దీన్ని "సహకారం" అంటారు, యూఎన్ మాత్రం "సమన్వయం" అంటుంది. చిన్న తేడాలా ఉంటుంది గానీ పెద్దదే. సహకారం అంటే ఇద్దరూ ఒకే పని మీద ఉన్నట్టు. సమన్వయం అంటే ఎవరి పని వాళ్లదే, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా చూసుకోవడం.

తుపాకీ ఉన్నోడు మందు ఇస్తే తప్పేటి అంటారా? 2004లో అఫ్గానిస్తాన్‌లో జరిగింది వినండి. అమెరికా నాయకత్వంలోని సైన్యం దక్షిణాన కరపత్రాలు పంచింది. సాయం అందుతూ ఉండాలంటే తాలిబన్ల సమాచారం చెప్పండి అని వాటి సారాంశం. మెద్సాఁ సాఁ ఫ్రాంతియేర్, అంటే సరిహద్దుల్లేని డాక్టర్ల సంస్థ, దాన్ని గట్టిగా తప్పుబట్టింది. ఆ తర్వాత జూన్ 2న బద్గీస్ ప్రాంతంలో వాళ్ల సిబ్బంది అయిదుగురిని కాల్చి చంపారు. జూలైలో సంస్థ దేశం వదిలి వెళ్లిపోయింది, ఇరవై నాలుగేళ్ల పని ఆపుకుని. కరపత్రం వల్లే చంపారని నేను అనడం లేదు. కానీ సాయాన్ని గూఢచర్యానికి ఎరగా వాడితే, రేపు నర్సు వచ్చినా జనం అనుమానంగానే చూస్తారు. ఊరికి పోయేది ఆస్పత్రి.

అందుకే 1994లో రాసుకున్న ఓస్లో మార్గదర్శకాల్లో ఒక మాట ఉంది: విపత్తు సాయంలో విదేశీ సైన్యాన్ని వాడటం చివరి మార్గం. ఇంకెవరూ చెయ్యలేనప్పుడే. ఇది మనకి తెలిసిన పద్ధతికి దగ్గరే. మన జిల్లాలో వరదొచ్చినా, తుఫానొచ్చినా ముందు బాధ్యత కలెక్టర్ది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా అథారిటీకి అధ్యక్షుడు ఆయనే. సైన్యం పిలిస్తే వస్తుంది, పని అవ్వగానే వెళ్తుంది.

మన ఇండియా విషయానికొద్దాం. 1950లో కొరియాకి మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వెళ్లింది. తుపాకులతో కొట్లాడే దళం కాదు, ఆస్పత్రి దళం. అక్కడి నుంచి ఇప్పటిదాకా యూఎన్ మిషన్లకి వెళ్లిన భారతీయులు 2 లక్షల 90 వేలకు పైగా. ప్రాణాలు కోల్పోయిన వాళ్లు దాదాపు 180 మంది. 2000లో ఢిల్లీలో యూఎన్ శాంతి పరిరక్షణ శిక్షణ కోసమే ఒక కేంద్రం పెట్టారు. వెళ్లే ముందు మనవాళ్లకి తర్ఫీదు అక్కడుంటుంది, వేరే దేశాల అధికారులు కూడా వచ్చి నేర్చుకుంటారు.

ఇలాంటి తర్ఫీదుల్లో పాఠం తక్కువ, నాటకం ఎక్కువ. ఒకడు ఊరి పెద్ద వేషం, ఒకావిడ కోపంగా ఉన్న డాక్టర్ వేషం. "మా మందుల లారీకి మీ జీపు తోడు రావొద్దు, మాకు ప్రమాదం" అంటుందావిడ. సైనికుడికి చిరాకొస్తుంది, కాపాడతానంటే వద్దంటుందేటి అని. ఆ చిరాకుని మింగి, "సరే, మేం రోడ్డుకి దూరంగా ఉంటాం, అవసరమైతే ఈ నంబరు" అనడం నేర్చుకోవాలి. దుబాసీతో మాట్లాడేటప్పుడు దుబాసీ వైపు కాదు, ఎదుటి మనిషి వైపు చూడాలి. చెయ్యలేనిదానికి మాటివ్వకూడదు. ఇంకోటి, మనకి బాగా తగిలేది: అడక్కుండా ఫొటో తియ్యకూడదు. సైనికుడితో మాట్లాడిన మనిషి మొహం ఫోన్లలో తిరిగితే, మిషన్ వెళ్లాక ఆ మనిషి గతి ఏటి?

ఇక నాకు బాగా నచ్చిన ఉదాహరణ. దక్షిణ సూడాన్‌లో మలకల్ అనే పట్నం. అక్కడ మన బెటాలియన్‌తో పాటు పశువుల డాక్టర్లు కూడా వెళ్లారు. నవ్వకండి. అక్కడ ఆవంటే పాలు ఒక్కటే కాదు, బ్యాంకు బ్యాలెన్సు, పెళ్లికి ఇచ్చే కన్యాశుల్కం, పగ తీరడానికి ఇచ్చే పరిహారం. ఆవుల్ని ఎత్తుకుపోవడం దగ్గర మొదలై ఊళ్లు తగలబడతాయి. మనవాళ్లు పశువులకి వైద్యం చేశారు, స్థానికులకి కూడా ఆ పని నేర్పారు. మనం వెళ్లాక కూడా నిలిచేది ఆ నేర్పిందే. అయితే ఏ ఊరి మందకి ముందు సూది వెయ్యాలి? అదే మళ్లీ మా రెండు వీధుల లెక్క. అడక్కుండా మొదలెడితే సూది కూడా గొడవే.

ఎవర్ని అడగాలి అన్నది ఇంకో చిక్కు. ఊరి పెద్దలంటే చాలాసార్లు మగవాళ్లే. కాంగో తూర్పు ప్రాంతంలో 2023 నుంచి 2024 దాకా పనిచేసిన మన మేజర్ రాధికా సేన్ దళం అక్కడి ఆడవాళ్లతో, యువతతో కూర్చునేది. నార్త్ కివూలో ఊళ్లవాళ్లు తమ భద్రత, అవసరాల గురించి చెప్పుకునేలా కమ్యూనిటీ అలర్ట్ నెట్‌వర్కులు ఏర్పడేందుకు ఆవిడ తోడ్పడ్డారు. 2023 సంవత్సరానికి యూఎన్ ఆవిడకి మిలిటరీ జెండర్ అడ్వకేట్ అవార్డు ఇచ్చింది.

మన దగ్గర చూడాలంటే టైగర్ ట్రయంఫ్ ఉంది. భారత్, అమెరికా సేనల విన్యాసం, 2019 నవంబర్‌లో విశాఖ, కాకినాడల్లో మొదలైంది. 2024లో, 2025లో మళ్లీ జరిగింది. ఇది శాంతి పరిరక్షణ కాదు, విపత్తు సాయం, రెండూ కలిపీకండి. కానీ కాకినాడ తీరంలో ఉమ్మడి కమాండ్ సెంటర్, మెడికల్ క్యాంపు పెట్టి చేసేది ఇలాంటి కసరత్తే: రెండు దేశాల సైన్యాలు ఒక ఒడ్డున దిగితే ఎవరు ఎవరి మాట వినాలి అని.

మళ్లీ మా తమ్ముడి దగ్గరకి. ఇదంతా చెప్తే వాడు "మరి నేనెలా వెళ్లాలన్నా?" అన్నాడు. సైనికుడు సొంతంగా అప్లై చేసేది కాదు, యూనిట్‌ని ఎంపిక చేస్తారు. పోలీసులకైతే ఇంగ్లీషు, డ్రైవింగ్, షూటింగ్ పరీక్షలుంటాయి. బట్టలు ఇస్త్రీ చేసుకున్నంత శ్రద్ధగా ఇంగ్లీషు చూసుకోమన్నాను, ఫ్రెంచ్ కొంచెం వస్తే కాంగోలో ఇంకా ఉపయోగం. వాడు తల గోక్కుని, "ఫ్రెంచ్ ఆటేటి అన్నా, ముందు పదహారొందల మీటర్లు కొట్టనీ" అని మళ్లీ పరుగందుకున్నాడు.