చట్టము చిన్నదైన చాలునా?

హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట జలాశయమునకు చేరువలో, కోకాపేట యను గ్రామము గలదు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచిన పిమ్మట, అట్టి యుపద్రవము మరల రాకుండుటకై కట్టబడి 1920లో పూర్తియైన జలాశయమది. ఒకనాడు మెట్టచేలును రాతిగుట్టలును ఉన్న ఆ ప్రాంతమున నేడు మెడ యెత్తి చూడవలసిన మేడలు లేచినవి. 2023 ఆగస్టులో అచ్చట జరిగిన ప్రభుత్వ వేలములో ఒక యెకరము 100 కోట్ల 75 లక్షల రూపాయల ధర పలికెను.

ఆ మేడలు అంత యెత్తు లేచుటకు ధనబలమొక్కటియే కారణము గాదు. పెక్కు నగరములలో, స్థలముయొక్క వైశాల్యమునుబట్టి అంతస్తులన్నియు కలిపి ఇంతకు మించి కట్టరాదని ఒక లెక్క యుండును. 2006లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు హైదరాబాదులో ఆ లెక్కను తొలగించినవి. ఎదుటి బాట వెడల్పెంత, భవనము చుట్టును విడిచిన ఖాళీ యెంత, అగ్నిమాపక శాఖ వంటివారి సమ్మతి గలదా అని చూచుటయే ముఖ్యమైనది. పాఠశాల విద్యార్థికి సైతము బోధపడునంతటి సులభమైన నియమమిది. కాని అంతస్తులన్నియు నిండిననాడు మంచినీరు ఎక్కడినుండి రావలెను, మురుగు ఎటు పోవలెను, ఉదయమున ఒక్కమారుగా బయలుదేరు వాహనములకు బాట చాలునా అను ప్రశ్నలకు ఆ నియమములో సమాధానము దొరకదు. చట్టము వేయక విడిచిన లెక్కను తరువాత మరియొకరు వేయవలసియే యుండును.

చట్టములు చిన్నవిగను సులభముగను ఉండవలెనని అందరును కోరుదురు. ఆ కోరిక న్యాయమైనదే. చట్టము తెలియదను మాట న్యాయస్థానములో చెల్లదు. తెలియకపోవుట తప్పించుకొను దారి కానప్పుడు, తెలిసికొనుటకు వీలుగా చట్టమును వ్రాయుట రాజ్యముయొక్క ధర్మము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము సవరణలతో పెరిగి 819 సెక్షన్లును, అయిదు లక్షలకు పైగా మాటలును గలదియైనది. దాని స్థానమున 2025లో వచ్చిన కొత్త చట్టము 536 సెక్షన్లతో, దాదాపు సగము మాటలతో సరిపెట్టుకొన్నది. తెలంగాణములో 2020లో వచ్చిన భవన అనుమతుల చట్టము ప్రకారము 75 గజములకు మించని స్థలములో 7 మీటర్ల యెత్తులోపల ఇల్లు కట్టుకొను పేదవాడు ఏ కార్యాలయమునకును అనుమతికై పోనక్కరలేదు. ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసికొన్న చాలును. ఇట్టి సులభత్వమునకు ఎవ్వరును వంక పెట్టజాలరు.

అయినను సులభత్వము ఎవరికొరకు అని కూడ అడుగవలసి యున్నది. దీనికి తెలంగాణము రైతు చూచిన భూమి హక్కుల చట్టమే చక్కని నిదర్శనము.

భూమి యెవరిదో వ్రాసియుంచు దస్తరమునకు చాలకాలము ఆధారమైనది 1971 నాటి చట్టము. దాని ప్రకారము తహసీలుదారు వ్రాసిన వ్రాతపై రైతునకు అభ్యంతరమున్నచో ఆర్.డి.ఓ. వద్ద అప్పీలు చేసికొనవచ్చును. ఆపైన జాయింటు కలెక్టరు వద్ద మొరపెట్టుకొనవచ్చును. పల్లెలలో స్టాంపుకాగితము లేకయే, తెల్లకాగితముపై వ్రాసికొని భూములు కొను వాడుక యుండెడిది. దానిని సాదాబైనామా యందురు. తగిన విచారణపై అట్టి కొనుగోలుకు గుర్తింపునిచ్చు నిబంధన కూడ ఆ చట్టములో చేరినది. దారులు ఎక్కువైనకొలది ఆలస్యమును, లంచమును పెరిగినవనుట నిజమే.

2020 అక్టోబరు 29 నుండి కొత్త చట్టము అమలులోనికి వచ్చెను. ధరణి యను కంప్యూటరు దస్తరము దానికి తోడైనది. క్రయపత్రము నమోదైన దినముననే కొనినవాని పేరు దస్తరములోని కెక్కును. రెవెన్యూ న్యాయస్థానములు రద్దయినవి. అప్పీలు మెట్లు తొలగినవి. చూచుటకు ఇంతకంటె సరళమైన యేర్పాటు లేదు. దస్తరములో తప్పులేని రైతునకు అది మేలే చేసినది.

కాని పేరు తప్పుపడినవాడు, విస్తీర్ణములో గుంటలు తగ్గినవాడు, తన పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాలో చేరినవాడు ఎవరితో చెప్పుకొనవలెను? మండల కార్యాలయములో దిద్దు అధికారము లేదు. పెక్కు తగవులకు సివిలు న్యాయస్థానమే గతియైనది. ఒక్కొక్క విధమైన పొరపాటునకు ఒక్కొక్కటిగా, కంప్యూటరులో ముప్పదికి పైగా దరఖాస్తు రూపములు తరువాత చేర్పవలసి వచ్చెను. చట్టములో తగ్గిన పుటలు కంప్యూటరు తెరపైకిని, వకీలు గదిలోనికిని చేరినవి. సాదాబైనామాల సంగతి మరియు విచిత్రము. ప్రభుత్వము 2020 అక్టోబరు, నవంబరు నెలలలో దరఖాస్తులు పిలువగా సుమారు 9 లక్షలు వచ్చినవి. ఆ గడువు నడుమనే పాత చట్టము రద్దయినది. కొత్తదానిలో ఆ నిబంధనయే లేనందున విషయము హైకోర్టుకెక్కి దరఖాస్తులు నిలిచిపోయినవి. తుదకు 2025 ఏప్రిల్ 14న అమలునకు వచ్చిన భూభారతి చట్టము రెండంచెల అప్పీలును మరల నెలకొల్పినది; ఆ సాదాబైనామాలకు దారియు చూపినది. తీసివేసిన తలుపును అయిదేండ్లలోపల తిరిగి పెట్టవలసి వచ్చినదన్నమాట.

అట్లని చట్టమును ఎంత పెంచిన అంత మేలనుకొనుటయు పొరపాటే. 1794లో ప్రష్యా రాజ్యము జీవితములో రాగల ప్రతి సందర్భమునకును ముందే తీర్పు వ్రాసిపెట్టదలచి సుమారు 19,000 నిబంధనల సంహితను వెలువరించినది. మనుష్యుల వ్యవహారములు అంత పెద్ద గ్రంథములోను ఇమడవు. పదేండ్ల పిమ్మట, 1804లో, ఫ్రాన్సులో వెలువడిన నెపోలియను సంహిత 2,281 నిబంధనలతో ముగిసినది. పెక్కు దేశములు దానినే మాదిరిగా గైకొన్నవి.

భారతదేశముననే ఇంకొక మాదిరి గలదు. మెకాలే ఆధ్వర్యమున రూపొంది 1860లో శాసనమైన శిక్షాస్మృతిలో కఠినమైన నిర్వచనముల క్రింద ఉదాహరణములు చేర్పబడినవి. దొంగతనము ఎప్పుడు పూర్తియగునను ప్రశ్నకు అందు ఒక చెట్టు కథ గలదు: పరుని నేలలోని చెట్టును అపహరించు తలంపుతో కొట్టినవాడు దానిని మోసికొని పోనక్కరలేదు, మొదలు తెగిన క్షణముననే దొంగయగును. ఈ ఉదాహరణములవలన గ్రంథము పెరిగినది, అర్థము తేలికయైనది. 2024 జూలై 1న ఆ స్మృతికి బదులుగా వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఈ పద్ధతిని విడువలేదు. ఉపాధ్యాయుడు సూత్రము చెప్పి ఊరకుండక లెక్కను నల్లబల్లపై చేసి చూపుట వంటిదిది.

భాష సంగతియు మరువరాదు. నిజాము కాలములో భూమి దస్తరములు ఉర్దూలో నుండెడివి; దున్నువాని నోట తెలుగుండెడిది. పహాణీ, సేత్వార్ మొదలైన మాటలు నేటికిని నిలిచినవి. 1966లో తెలుగు అధికార భాష యైనను, న్యాయస్థానములలో చట్టముయొక్క ప్రామాణిక పాఠము ఇంగ్లీషులోనిదే. తన భాషలో లేని చట్టము ఒక్క పుటయే యైనను రైతునకు దీర్ఘమైనదే.

కావున చట్టమును పుటలు లెక్కించి మెచ్చుకొనుట చాలదు. దానికి లోబడవలసినవాడు చదివి గ్రహింపగలడా? అందలి పని యెంత “నిర్ణయింపబడిన రీతిగా” అను మాటచాటున అధికారి చేతికి విడువబడినది? పొరపాటు జరిగిన దినమున సామాన్యుడు తట్టుటకు దగ్గరలో తలుపున్నదా? ఈ మూడింటికిని సరియైన సమాధానము చెప్పగల చట్టము చిన్నదైనను పెద్దదైనను మంచిదే.

పొలముగట్టున పాతిన హద్దురాయి అన్ని చట్టములకంటెను చిన్నది. అక్షరము రానివానికిని అర్థమగును. ఇరుగుపొరుగులను ఇరువురను సమానముగా కట్టివేయును. కాని ఒక రాత్రి అది జరిగిపోయినచో, తెల్లవారిన పిమ్మట వచ్చి కొలిచి మరల యథాస్థానమున పాతువాడొకడు ఉండవలెను. అతడు లేనినాడు రాయి యెంత చిన్నదైన నేమి, ఎంత స్పష్టమైన నేమి?