అచ్చాఫీసు అట్టపెట్టెల కార్ఖానా అయిన కథ

మొన్న పండుగకు ఇంటికి పోయినప్పుడు మా చిన్నాయన ఒక ప్రశ్న వేశాడు. ఆయన వరంగల్లు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దింపి, తిరిగి వస్తూ తొర్రూరులో కిరాణా సామాను కొనుక్కొచ్చాడు. అందులో ఒక మసాలా కారం డబ్బా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిర్చి మనదే అయ్యుంటదిరా. మరి ఈ డబ్బా ఎవరిది?" అన్నాడు. బి.కాం. చదువుతున్న నాకు చప్పున జవాబు తోచలేదు. ఆ డబ్బా వెంట పడితే నేను తేలింది ఒక అచ్చాఫీసు దగ్గర!

నిజానికి యంత్రం మీద తయారయ్యే మడత అట్టపెట్టె పుట్టిందే అచ్చాఫీసులో. 1879లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ అనే ఆయన కాగితపు సంచులు తయారు చేస్తూ, వాటి మీద అచ్చు వేస్తూ ఉండేవాడు. ఒకనాడు విత్తనాల సంచులు అచ్చవుతుండగా, కాగితాన్ని మడత పడేలా నొక్కవలసిన ఇనుప పట్టీ కొంచెం జరిగి, నొక్కడానికి బదులు కోసేసింది. సరుకు పాడైంది. ఇంకొకరైతే పనివాణ్ణి నాలుగు తిట్టి ఊరుకునేవారు. గేర్ మాత్రం, ఒకే దెబ్బకు కోతా మడతగీతా రెండూ పడేటట్లు యంత్రాన్ని అమర్చవచ్చు గదా అని ఆలోచించాడు. అంతవరకు ఒక్కొక్కటిగా చేత్తో కోసి అతికించే పెట్టెలు అప్పటినుంచి వేల లెక్కన రాసాగాయి. పైగా అవి మడిస్తే పలకలా ఉండేవి. ఎక్కడికైనా పంపవచ్చు, అవసరమైనప్పుడు విప్పుకోవచ్చు.

మన దగ్గర ఈ దారిన నడిచిన కుటుంబం హైదరాబాదులో ఉన్నది. ప్రజానాట్యమండలితో, వామపక్ష ఉద్యమంతో సంబంధం ఉన్న పరుచూరి హనుమంతరావుగారు 1962లో అక్కడ 'ప్రగతి' ముద్రణాలయం పెట్టారు. ఆ రోజుల్లో ప్రెస్సంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చడం, తప్పుంటే ఊడదీసి మళ్ళీ పేర్చడం. పెళ్ళి శుభలేఖ, కరపత్రం, బిల్లు పుస్తకం, ఏది దొరికితే అది వేసుకుని బతికే అచ్చాఫీసులు ఊరూరా ఉండేవి. తరువాత ఆఫ్‌సెట్ వచ్చింది, సీసపు అక్షరం పోయింది. దానితోపాటే చాలా ప్రెస్సులూ మూతబడ్డాయి. ప్రగతి నిలబడింది. కుమారుడు నరేంద్రగారి వంటి తరువాతి తరం వాళ్ళు పనిలోకి దిగారు. మంచి బొమ్మలతో పుస్తకం రావాలంటే తెలుగువాళ్ళు ఆ ప్రెస్సు పేరు చెప్పుకునే స్థితి వచ్చింది. అమెరికా ముద్రణ సంఘం ఇచ్చే 'బెన్నీ' బహుమతులు, కాగితపు సంస్థ 'సాపీ' ఇచ్చే బహుమతులు ఈ హైదరాబాదు ప్రెస్సుకు వచ్చాయి.

ఇంత పేరున్న పుస్తకాల ప్రెస్సు డబ్బాల పనికి ఎందుకు పోయింది? కామర్సు విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడాలి. అచ్చు యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. అది తిరిగినా తిరగకపోయినా అప్పు మీద వడ్డీ ఆగదు, తరుగుదలా ఆగదు. క్యాలెండర్లు, డైరీలు కొత్త సంవత్సరం ముందు, పాఠ్యపుస్తకాలు బడులు తెరిచే ముందు వస్తాయి. మిగతా నెలల్లో యంత్రం ఖాళీ. పైగా పుస్తకం ఒకసారి వేస్తే మళ్ళీ ఎప్పుడో! అదే సబ్బు డబ్బా, మందు డబ్బా అయితే ప్రతి నెలా కావాలి. ఇంకొక సంగతి. కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు వచ్చి డైరీనీ క్యాలెండర్‌నూ మింగాయి గాని, మాత్రలను ఫోనులో పెట్టి అమ్మడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. మొదలు, 1984లో వచ్చిన డాక్టర్ రెడ్డీస్ దాకా హైదరాబాదులో మందుల పరిశ్రమ పెరిగింది. మందు ఉన్నచోట డబ్బా ఉండాలి, దాని మీద బ్యాచి నంబరు, గడువు తేదీ ఉండాలి. 'ప్రగతి ప్యాక్' పేరుతో ఈ కుటుంబం పెట్టెల పనిలో పెరగడం వెనుక ఇటువంటి లెక్కే ఉందని నాకు అనిపిస్తుంది.

అయితే పుస్తకం వేయడం వచ్చినవాడికి డబ్బా చేయడం దానంతటదే రాదు. పుస్తకంలో ఒక బొమ్మ కాస్త ఎరుపెక్కితే పాఠకుడు పట్టించుకోడు. అంగట్లో ఒకే సబ్బు డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి ముదురు, ఒకటి లేత అయితే కొనేవాడికి ఇది నకిలీయేమో అని అనుమానం! అందుకని ఈ నెల వేసిన రంగే ఆరునెలల తర్వాత కూడా రావాలి. ఆ పైన దళసరి అట్ట. రంగులు పడ్డాక వార్నిషు. ఆ తర్వాత డై. చెక్కలో బిగించిన ఉక్కు పట్టీలలో పదునైనవి కోస్తాయి, మొద్దువి మడతగీత నొక్కుతాయి. గేర్ చేయి జారిన పట్టీ ఇదే! గీత తక్కువ నొక్కితే మడతలో అట్ట పగులుతుంది, ఎక్కువ నొక్కితే తెగుతుంది. చివర జిగురు. కంపెనీలో సరుకు నింపే యంత్రం గబగబా డబ్బాలు విప్పుకుంటూ పోతుంటే, ఒక్క డబ్బా అంటుకుపోతే చాలు, వరుస మొత్తం ఆగుతుంది. ఆ నష్టం డబ్బా ధరకు ఎన్నో రెట్లు. కాబట్టి కొనేవాడు చవకదనం కన్న నమ్మకం చూస్తాడు. ఒకసారి కుదిరిన అచ్చాఫీసును ఊరికే మార్చడు. కుటుంబ సంస్థకు ఇది కలిసొచ్చే గుణం. మాట ఇచ్చినవాడూ, రాత్రిపూట యంత్రం పక్కన నిలబడేవాడూ ఒకే ఇంటివాళ్ళయి ఉంటారు. అన్నదమ్ములు విడిపోతే మాత్రం యంత్రాన్ని పంచుకోలేరు. ఆ చిక్కు వల్ల ఆగిపోయిన చిన్న కార్ఖానాలు మన చుట్టుపక్కలా ఉన్నాయి.

మన సంగతికి వద్దాం. 2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలాగా గుండ్రంగా ఉండి, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే మిర్చి అది. ఆ గుర్తింపు అనేది ఒక పేరు. పేరు రాయాలంటే రాసే చోటు కావాలి. గోనెబస్తా మీద పేరు ఎవరు చూస్తారు? పావుకిలో, అరకిలో లెక్కన డబ్బాలో పోస్తేనే ఆ పేరు కొనేవాడి కంట పడుతుంది. అంత పెద్ద ఆఫ్‌సెట్ యంత్రాలు తొర్రూరులో పెట్టాలని నేననడం లేదు. అచ్చు హైదరాబాదులోనే వేయించుకోవచ్చు. మడిచిన అట్టలు లారీలో ఎంతో కొంచెం చోటులో వచ్చేస్తాయి. విప్పడం, నింపడం, మూయడం ఇక్కడి పని. రైతులు నలుగురు కలిస్తే అయ్యే పనే గాని, మొదటి ఆర్డరుకు డై ఖర్చు, కనీసం ఇన్ని వేల డబ్బాలు తీసుకోవాలన్న షరతు ఉంటాయి. ఒంటరి రైతు ఆగిపోయేది అక్కడే. సంఘంగా కలిసి ఒకే డబ్బా వాడుకుంటే ఆ ఖర్చు పంచుకోవచ్చు. మా తరగతి మిత్రులు దీన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే బాగుంటుంది. లెక్కలు కట్టడానికి నేను సిద్ధం.

ఆ కారం డబ్బాను ఖాళీ అయ్యాక అతుకు ఊడదీసి చాప మీద పరిచాను. జిగురు పెట్టే అంచు మీద, ఎవరికీ కనబడని చోట, వరుసగా చిన్న రంగు గళ్ళున్నాయి. అచ్చు వేసేటప్పుడు రంగు సరిచూసుకునే గుర్తులవి. చిన్నాయనకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "మనం కల్లంల తాలు ఏరినట్టే గద, వీళ్ళు రంగు ఏరుతున్నరు" అని, మరి ఒక్కో డబ్బాకు ఎంత పడుతదో కనుక్కురమ్మన్నాడు.