చేప ఎందుకు ఎండలేదంటే...

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పటి మాట. 'మా ఇల్లు' అన్న వ్యాసంలో ఇలా రాసింది: "మా కుక్కర్‌కి రైలెక్కాలని కోరిక. అందుకే రోజూ పొద్దున్నే కూత పెడుతుంది. మూడు కూతలు కాగానే అమ్మ దించేస్తుంది." టీచరు ఆ వాక్యాల మీద ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన 'అర్థం లేని రాతలు' అని రాశారు.

టీచరు సంగతి సరే, నేనేం చేశాను? నాలుగు కథలు రాసినదాన్ని, దగ్గరికి తీసుకుని మెచ్చుకున్నానా? లేదు. "అందరూ రాసినట్టు రాయొచ్చు కదే! రెండు మార్కులు పోయాయి" అని కసిరాను. ఆ తరవాత దాని వ్యాసాల్లో మా ఇంటికి గదులూ, కిటికీలే మిగిలాయి. కుక్కర్ మళ్లీ రైలెక్కలేదు.

ఇప్పుడది పదో తరగతి. మొన్న రాత్రి కరెంటు పోయింది. ఊసుపోక "ఏదైనా కథ చెప్పవే" అన్నాను. "సిలబస్‌లో లేదమ్మా" అంది నవ్వుతూ. నాకు మాత్రం గుండెల్లో కలుక్కుమంది. అప్పుడు నేనే మొదలుపెట్టాను, ఏడు చేపల కథ.

చీమ చెప్పిన నిజం

ఆ కథ వినకుండా పెరిగినవాళ్లు మనలో అరుదు. రాజుగారి కొడుకులు వేటకెళ్లి చేపలు తేవడమేమిటి? ఎండలేదేమని చేపనే నిలదీయడమేమిటి? తప్పు చేప నుంచి గడ్డిమోపుకీ, ఆవుకీ, పాలేరుకీ, అవ్వకీ, పసివాడికీ చేతులు మారి చివరికి చీమ దగ్గర తేలుతుంది. అంతా అసంబద్ధమే! కానీ చిన్న కాగితం కోసం ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా మనకి ఎదురయ్యేది ఈ కథే కదూ? తేడా ఒక్కటే. చీమ తప్పు ఇంకొకరి మీదకి నెట్టకుండా, కుట్టింది తనేనని ఒప్పుకుంది.

1957లో వచ్చిన 'మాయాబజార్'లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోతుంటే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన 'తసమదీయులు' అన్న మాటని ఇవాళ్టికీ సరదాగా వాడుతున్నాం. సినిమాలో మురిసిపోయే మనం, అదే పని మన పిల్లలు చేస్తే 'పిచ్చిమాటలు' అంటున్నాం.

అంట్లూ... బండరాయీ

ఫ్రెంచి రచయిత ఆల్బర్ట్ కామూ 1942లో, గ్రీకు పురాణంలోని సిసిఫస్ గురించి రాశాడు. అతను బండరాయిని కొండ మీదికి దొర్లిస్తాడు. అది కిందికి జారిపోతుంది. మళ్లీ దొర్లించాలి. ఎప్పటికీ తీరని శిక్ష. అయినా అతను సంతోషంగా ఉన్నట్టే ఊహించుకోవాలంటాడు కామూ. చదవగానే నాకు మా సింకు గుర్తొచ్చింది! పొద్దున తోమిన గిన్నెలే రాత్రికి మళ్లీ హాజరు.

అలాగని చాకిరీ అంతా ఒక్కరి నెత్తిన వేసి, ఊహలతో సరిపెట్టుకోమని నేననను. ఇంట్లో అందరూ తలో చెయ్యీ వెయ్యాల్సిందే. ఆ పైన కూడా రోజూ చేసిందే చెయ్యక తప్పదు కాబట్టి, గరిటె గిన్నె మీద చాడీలు చెబుతోందనుకుంటే కాస్త నవ్వొస్తుంది. నవ్వొచ్చిన పని కాస్త తేలికవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఫోన్లలో తిరిగే పుకారు తనే నిజమని నమ్మిస్తుంది. ఊహ అలా కాదు, 'నేను అబద్ధాన్నే, రా ఆడుకుందాం' అంటుంది. ఈ తేడా తెలిసిన పిల్లలు అంత సులువుగా మోసపోరు.

రోజూ అన్నాల దగ్గర ఓ పది నిమిషాలు టీవీ కట్టేసి, 'ఇలా అయితే?' అని ఆడి చూడండి. మన మంచానికి సెలవు కావాలంటే? చెప్పులు చెరో ఊరికీ వెళతానంటే? ఇందులో తప్పు జవాబంటూ ఉండదు, మార్కులూ ఉండవు.

ఇంతకీ ఆ రాత్రి కథంతా విని మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న మూడో విజిల్ రాగానే స్టవ్ కట్టేయబోయాను.

"ఉండమ్మా, స్టేషన్ ఇంకా రాలేదు" అంది వెనక నుంచి.

నాలుగో విజిల్ దాకా ఆగాను. పప్పు మరికాస్త మెత్తబడింది, అంతే!