వైద్యసిబ్బంది ఆరోగ్యరక్షణ: శరీరానికి ఉన్న విధానం, మనసుకు లేని విధానం

1. ఉపోద్ఘాతం:

వైద్యుణ్ణి నారాయణ స్వరూపంగా భావించడం మన సంప్రదాయం. అయితే ఈ పూజ్యభావం ఒక వాస్తవాన్ని మరుగుపరుస్తుంది. చికిత్స చేసేవారిదీ అలసిపోయే శరీరమే, గాయపడే మనసే. వైద్యులతోపాటు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు, ఆశా కార్యకర్తలు కూడా వైద్యసిబ్బందే. వీరి శారీరక, మానసిక రక్షణల మధ్య గల అంతరాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. శారీరక రక్షణ:

ఆసుపత్రిలో నిత్యం పొంచి ఉండే ప్రమాదం సూదిపోటు. హెచ్.ఐ.వి. ఉన్న రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే ఆ వైరస్ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. అదే హెపటైటిస్-బి విషయంలో, టీకా పొందనివారికి ఇది 30 శాతం వరకు ఉండవచ్చు. దీనికి స్పష్టమైన విధానం ఉంది. వాడిన సూదికి తిరిగి మూత పెట్టకూడదు. గాయాన్ని సబ్బుతో, నీటితో కడగాలి. వెంటనే పై అధికారికి తెలపాలి. అవసరమైతే హెచ్.ఐ.వి. నివారణ ఔషధాలను 72 గంటలలోపు ప్రారంభించి 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, ఉద్యోగంలో చేరినప్పుడు, ఆపై ఏటా ఆరోగ్యపరీక్షలు జరిపించడం ఆసుపత్రి బాధ్యతగా 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు నిర్దేశించాయి.

3. మానసిక రక్షణ:

మానసిక గాయానికి ఇటువంటి గడువు గాని, నమోదు గాని సాధారణంగా కనిపించదు. ఉచిత వైద్యశాల సిబ్బందిలో కనిపించిన నిస్త్రాణను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 'బర్నౌట్' అన్నారు. శక్తి హరించుకుపోవడం, పనిపట్ల విముఖత, సామర్థ్యం తగ్గిందన్న భావన దీని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా కాక, పనిచేసేచోట సరిగా నిర్వహించని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా వర్గీకరించింది. అంటే లోపాన్ని వ్యక్తి మనోబలంలో కాక పని పరిస్థితులలో వెతకాలి. ధ్యాన శిక్షణ ఇచ్చి, విరామంలేని పనివేళలను యథాతథంగా కొనసాగిస్తే ఫలితం పరిమితమే.

దాడుల భయం ఈ ఒత్తిడిని పెంచుతుంది. వైద్యసిబ్బందిపై హింసను శిక్షార్హం చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది. కాని శిక్ష దాడి తరువాతి మాట. 2024 ఆగస్టులో కోల్‌కతా దుర్ఘటన అనంతరం సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించి, భద్రతతోపాటు పని పరిస్థితులపైనా సిఫారసులు కోరడం ఈ దృష్టితో గమనార్హం.

4. ముగింపు:

సూదిపోటును ఎవరూ నర్సు బలహీనతగా భావించరు. మనోవేదననూ అదే విధంగా వృత్తిపరమైన గాయంగా గుర్తించాలి. గోప్యత గల సలహా సేవలు, తగినంత సిబ్బంది, నిర్ణీత విశ్రాంతి, రాత్రివేళ భద్రత సంస్థాగత బాధ్యతలు కావాలి. అలసిన చేయి మందు మోతాదులో పొరబడితే నష్టపోయేది రోగి. కనుక వైద్యసిబ్బంది రక్షణ రోగి రక్షణలో అంతర్భాగమే.